మన భూమి కథలు – 9: చవకగా దొరికే రెండెకరాలు



ఈ వారం ఇనాం భూముల మీద రెండో భాగం రాస్తానని చెప్పాను. దాన్ని వచ్చే వారానికి జరుపుతున్నాను. నడుమ ఒక అన్న ఫోన్ చేశాడు. ఆ సంగతి రాయకుండా ముందుకు పోలేను.

ఆయనది వరంగల్ దిక్కు. ముప్పై ఏళ్లకు పైగా సర్కారు కొలువు చేసి ఈ మధ్యే రిటైరయ్యాడు. వాళ్ల నాయన పటేలు దగ్గర జీతమున్న మనిషి. కొడుకు సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదివి ఉద్యోగం తెచ్చుకున్నాడు. ఫోన్లో ఆయన అన్న మాట ఇది: "తమ్మీ, వచ్చిన పైసలల్ల సగం పిల్లలకు ఇచ్చిన. మిగిలిన దాంతోని రెండెకరాలు తీసుకుంట. ఒక చిన్న రూము, నాలుగు మామిడి చెట్లు, ఒక బర్రె. మా నాయన ఒకల భూమిల చచ్చిండు. నేను నా భూమిల చావాలె."

ఆ మాటకు నాకు గొంతు పూడుకుపోయింది. మన ఇళ్లలో ఎంతమంది తండ్రులు ఈ కోరికతోనే పోయారో మీకు తెలుసు.

అయితే ఆయన భూమి చూసింది సొంతూళ్లో కాదు. వికారాబాద్ దిక్కు, తనకు ఒక్క మనిషి కూడా ఎరుక లేని ఊళ్లో. సొంతూళ్లో ఎందుకు చూడలేదని నేను అడగలేదు. జీతగాని కొడుకు ఊరి నడిమి భూమి కొంటానంటే ఊరు ఎట్లా చూస్తుందో ఇద్దరికీ తెలుసు. ముందు రోజు అమ్మకానికి ఉన్న భూమి తెల్లారేసరికి అమ్మకానికి ఉండదు. తెలియని ఊరైతే కులం వెంటనే బయటపడదు, పైసలే మాట్లాడతాయి. మనవాళ్లు రిటైరయ్యాక ఎరుకలేని ఊళ్లలో భూములు వెతుక్కోవడానికి ఇదొక కారణం. దీన్ని ఎవరూ పైకి చెప్పరు.

"రేటెంత అన్నా?" అని అడిగాను. చెప్పాడు. ఆ చుట్టుపక్కల నడుస్తున్న రేటులో సగం కూడా లేదు. "ఎందుకంత చవక?" అంటే, "ఓనరుకు అర్జెంటు ఉన్నదట. ఇప్పుడు నోటరీ మీద రాసిస్తరట, రిజిస్ట్రేషన్ తర్వాత చేయిస్తరట" అన్నాడు. అప్పటికే బయానా ఇచ్చేశాడు.

భూమి కేసుల వెంట తిరిగి తిరిగి నేను ఒక్కటి నేర్చుకున్నాను. భూమి ఊరికే చవక కాదు. ఆ చవకకు ఒక చరిత్ర ఉంటుంది. చాలాసార్లు ఆ చరిత్ర మన వాడలోనే మొదలవుతుంది. ఈ రోజు రాసేది ఆ చరిత్రే.

చెంగల్పట్టు నుంచి మొదలుపెట్టాలి

కోస్తా, రాయలసీమ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. కాబట్టి మద్రాసు కథ మన కథ కూడా. 1891లో చెంగల్పట్టు జిల్లాలో కలెక్టరుగా పనిచేస్తున్న ట్రెమెన్‌హీర్ అనే అధికారి అక్కడి పరయల బతుకు మీద ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాడు. గుంట భూమి లేక, ఉన్న గుడిసె కూడా దొర జాగాలోనే ఉండటం వల్ల వాళ్లు బానిసల్లా బతుకుతున్నారని, భూమి ఇస్తే తప్ప ఆ కట్టు తెగదని దాని సారాంశం. 1892లో ప్రభుత్వం ఒప్పుకొని అణగారిన కులాలకు బంజరు భూములు ఇవ్వడం మొదలుపెట్టింది. తమిళనాట వాటిని పంచమి భూములు అంటారు. మొత్తం 12 లక్షల ఎకరాల దాకా ఇచ్చారని అక్కడి దళిత ఉద్యమాలు చెబుతాయి.

ఆ పట్టాల్లో ఒక షరతు ఉంది. పదేళ్ల దాకా ఎవరికీ అమ్మకూడదు. తర్వాత అమ్మినా అణగారిన కులాల వాళ్లకే అమ్మాలి. అంటే మన చేతికి వచ్చిన భూమి మన చేతుల్లోనే తిరగాలని 130 ఏళ్ల కిందటే కాగితం మీద రాశారు.

మరి ఆ భూములు ఏమయ్యాయి? పెద్ద భాగం చేతులు మారిపోయింది. మద్రాసు నగరం దక్షిణానికి పెరిగేకొద్దీ, సముద్రం ఒడ్డున తోటలు, బంగళాలు, రిసార్టులు లేచేకొద్దీ పంచమి భూములకు రెక్కలొచ్చాయి. చెంగల్పట్టు దగ్గర కారణై అనే ఊళ్లో మనవాళ్లు తమ పంచమి భూమి తమకు కావాలని లేచి నిలబడ్డారు. 1994 అక్టోబరులో పోలీసులు కాల్పులు జరిపారు. జాన్ థామస్, ఏళుమలై అనే ఇద్దరు దళిత యువకులు చనిపోయారు. భూమి ఇచ్చిన ఉత్తర్వుకు నూరేళ్లు నిండిన రెండేళ్లకు, అదే భూమి అడిగినందుకు తూటాలు దిగాయి. ఏటా వాళ్లను తలుచుకునేవాళ్లు అక్కడ ఇప్పటికీ ఉన్నారు. మన తెలుగు నేల మీద వాళ్ల పేర్లు తెలిసినవాళ్లు ఎంతమంది?

మన దగ్గర

తెలంగాణలో సంగతి వేరు. నిజాం పాలనలో మన తాతలకు దక్కిందల్లా ఊరి చాకిరీకి బదులుగా ఇచ్చిన ఇనాం చెలకలు. సేత్‌సింధీ, నీరడి, మస్కూరీ పనులు చేసినంత కాలం ఆ భూమి ఉండేది. దాని కథ వచ్చే వారం.

1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో మన దళిత కుటుంబాలు వినోబా భావేను భూమి అడిగాయి. 80 ఎకరాలుంటే చాలన్నారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచాడు. భూదానం అక్కడ పుట్టింది. పుస్తకాల్లో అందరూ వినోబా పేరు, దాత పేరు రాస్తారు. అడిగినవాళ్ల పేర్లు ఎవరూ రాయరు. దేశంలో అంత పెద్ద ఉద్యమాన్ని పుట్టించింది ఆ వాడ అడిగిన ఒక ప్రశ్న. అట్లా వచ్చిన భూదాన భూములూ అమ్మడానికి వీల్లేనివే. అవి కూడా ఈ రోజు వెంచర్ల బ్రోచర్లలో కనబడుతున్నాయి.

ఆ తర్వాత సర్కారు బంజర్లు, ఖారిజ్ ఖాతా భూములు పేదలకు పంచడం వచ్చింది. 1973 భూ సంస్కరణల చట్టంతో సీలింగ్ మిగులు భూములు కొన్ని వచ్చాయి. మన ఊళ్లలో ముసలివాళ్లు "ఇందిరమ్మ ఇచ్చిన భూమి" అనేది ఈ కాలం సంగతే. మంచి రేగడి ఎవరికీ ఇవ్వలేదు. రాళ్లగుట్ట, చౌడు, అడవి అంచు ఇచ్చారు. మనవాళ్లు రాళ్లు ఏరి, మొద్దులు పీకి, గట్లు పోసి దాన్ని భూమి చేశారు.

ఈ భూమిని అమ్మకూడదన్న షరతు ఎప్పటి నుంచి ఉందో గుర్తుపెట్టుకోండి, పనికొస్తుంది. ఆంధ్ర ప్రాంతంలో 1954 జూన్ 18 నాటి జీవో 1142తో, తెలంగాణలో 1958 జూలై 25 నాటి జీవో 1406తో అసైన్‌మెంట్ పట్టాల్లో ఈ షరతు వచ్చింది. అంతకు ముందు లావుణీ రూల్స్ కింద షరతు లేకుండా వచ్చిన పట్టాలు వేరు. కేసుల్లో సగం వాదన ఈ తేదీల చుట్టూనే తిరుగుతుంది.

షరతు పెట్టినా అమ్మకాలు ఆగలేదు. అందుకే 1977లో 9వ నంబరు చట్టం తెచ్చారు. అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం. మనవాళ్లు పీఓటీ చట్టం అనేది దీన్నే. అందులో చెప్పింది సూటిగా ఉంది. అసైన్డ్ భూమిని ఎవరికి అమ్మినా, కుదువ పెట్టినా, దానమిచ్చినా, కౌలుకిచ్చినా ఆ కాగితం చెల్లదు, కొన్నవాడికి ఏ హక్కూ రాదు. కొన్నవాడి నుంచి భూమి స్వాధీనం చేసుకుని మొదటి అసైనీకి గానీ వారసులకు గానీ తిరిగి ఇవ్వాలి. అది కుదరకపోతే సర్కారు వెనక్కి తీసుకోవాలి. కొన్నవాడికి జైలు శిక్ష కూడా రాశారు. చట్టం రాకముందే తెలియక కొనుక్కున్న భూమిలేని పేదవాడికి మాత్రం మినహాయింపు ఉంది.

గమనించండి. భూమిలేని పేదవాడు అన్నారు. దళితుడు అనలేదు. పెన్షన్ వచ్చే దళిత ఉద్యోగి ఈ భూమి కొంటే చట్టం దృష్టిలో ఆయనకూ, కొన్న దొరకూ తేడా లేదు.

చేతులు ఎట్లా మారింది

ఏ ఊళ్లో అడిగినా ఒకటే కథ. బిడ్డ పెండ్లి, ఆస్పత్రి ఖర్చు, కరువు, తాగుడు. చేతిలో ఎద్దులు లేవు, బోరు లేదు. అసైన్డ్ భూమి మీద అప్పిచ్చే బ్యాంకు లేదు. ఊరి పెద్దమనిషి దగ్గర చేబదులు, తెల్లకాగితం మీద వేలిముద్ర. ముందు "నువ్వు దున్నుకోలేవు, నేను దున్నుతా" అంటాడు. రెండేళ్లకు పహాణీలో అనుభవదారు కాలంలో ఆయన పేరు ఎక్కుతుంది. పదేళ్లకు ఆయన కొడుకు ఇంకొకరికి ఇస్తాడు. ఆ ఇంకొకరు పట్నం బ్రోకరు. చివరికి గేటు, ఫెన్సింగ్, గుంటల లెక్కన ఫామ్ ప్లాట్లు. ఆ గేటు ముందుకు మా అన్న లాంటి రిటైరైన మనిషి బ్యాంకు పాస్‌బుక్ పట్టుకొని వస్తాడు.

కన్నడ దేశంలోనూ ఇదే. అక్కడ 1978లో ఎస్సీ, ఎస్టీలకు సర్కారు ఇచ్చిన భూముల అమ్మకం మీద ఇలాంటి చట్టమే తెచ్చారు. 1984లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. బెంగళూరు చుట్టూ భూముల ధరలు పెరిగాక కేసులు కుప్పలు పడ్డాయి. 2017లో సుప్రీంకోర్టు, భూమి తిరిగి అడగాలంటే సహేతుకమైన కాలంలోపే అడగాలంది. దాంతో ఎన్నో కుటుంబాల దరఖాస్తులు పోయాయి. 2023లో కర్ణాటక ప్రభుత్వం కాలపరిమితి లేదని చట్టం సవరించాల్సి వచ్చింది. బెంగళూరులో పనిచేసే మన తెలుగు పిల్లలు ఊరి బయట తోటలు చూస్తున్నారు. వాళ్లకు ఈ సంగతి చెప్పండి.

మూడు నగరాలు: చెన్నై, హైదరాబాద్, బెంగళూరు. మూడింటి చుట్టూ పట్నం మనిషి ప్రశాంతత వెతుక్కునే అంచులోనే మన భూములు పోయాయి. ఊరికి దూరంగా, గుట్ట పక్కన, నిశ్శబ్దంగా ఉండే భూమి అని ఇవాళ ఎక్కువ రేటు చెప్పి అమ్ముతున్నారు. మనకు ఆ భూమిని ఇచ్చిందే అది ఊరికి దూరంగా, గుట్ట పక్కన ఉన్నందుకు.

వాడకు పోయినం

అన్నతో కలిసి ఆ ఊరికి పోయాను. బ్రోకరు భూమి చూపించాడు. బోరు వేసి నీళ్లు చూపించాడు, మట్టి చేతిలోకి తీసి చూపించాడు. అన్నీ అయ్యాక నేను ఒక్కటే అడిగాను: "ఈ ఊళ్లె మాదిగవాడ ఎటు?" బ్రోకరు మొహం మారింది. "మీకెందుకు సార్, వాళ్లతోని పంచాయితీ ఏం లేదు" అన్నాడు. పంచాయితీ మాట మేము ఎత్తనే లేదు.

వాడలో ఒక అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. గుట్ట కింది భూమి ఎవరిదని అడిగితే, "మాదే బిడ్డా" అంది. తర్వాత సవరించుకొని, "మాదే ఉండె" అంది. ఇందిరమ్మ కాలంలో ఆమె పెనిమిటికి ఇచ్చారట. రెండేళ్లు రాళ్లు ఏరారట. ఆముదాలు, కందులు పండించారట. పెద్ద బిడ్డ పెండ్లికి ఊరి పెద్దమనిషి దగ్గర పైసలు తెచ్చారట. "మళ్ల ఇడిపిద్దమనుకున్నం. ఆయినె సచ్చిపాయె. ఇగ ఎవలు అడగాలె?" సర్కారు ఇచ్చిన పట్టా కాగితం ఇంకా ఉందా అంటే లోపలికి పోయి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. మడతల దగ్గర చిరిగిపోయిన కాగితం. దాని మీద ఉన్న సర్వే నంబరు, అన్న బయానా ఇచ్చిన సర్వే నంబరు ఒకటే.

అన్న ఆ కాగితం చేతిలో పట్టుకొని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆమెను అడిగాడు, "అవ్వా, మీ పిల్లలు ఏం జేస్తున్నరు?" ఒక కొడుకు ఆ తోటలోనే వాచ్‌మన్ అంది.

తిరుగు దారిలో కారులో అన్న అన్నాడు: "మా నాయన ఒకల భూమిల చచ్చిండు అన్న గద తమ్మీ. నేను పోయి ఇంకొకల నాయన భూమిల చద్దామనుకున్న."

బయానా వెనక్కి రాలేదు. పోనీ అన్నాడు. కానీ అవ్వ కొడుకుతో తహశీల్దారుకు దరఖాస్తు రాయించాడు. 1977 చట్టం కింద భూమి తిరిగి ఇప్పించమని. ఉద్యోగంలో ముప్పై ఏళ్లు ఫైళ్లు రాసిన చెయ్యి, దరఖాస్తు బాగా రాసింది. ఏమవుతుందో చూడాలి.

నిషేధం మనకు కాపలానా, సంకెళ్లా?

కామెంట్లలో ఈ ప్రశ్న వస్తుందని తెలుసు, ముందే రాస్తున్నాను. అగ్రకులపోడు తన భూమి ఇష్టమొచ్చినట్టు అమ్ముకోవచ్చు, నా భూమి నేను ఎందుకు అమ్ముకోకూడదు అని మన పిల్లలు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న. అమ్మకం హక్కు లేని భూమికి బ్యాంకులో విలువ లేదు. రోడ్డుకో ఫ్యాక్టరీకో తీసుకునేటప్పుడు సర్కారు కూడా, ఇచ్చింది మేమే కదా అని చాలాకాలం పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వలేదు. 2004లో చేవెళ్ల డివిజన్ నుంచి వచ్చిన కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం అసైనీకి కూడా పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని చెప్పింది. ఇవాళ ఫామ్‌హౌసులకు పేరుపడ్డ అదే చేవెళ్ల.

ఆంధ్రప్రదేశ్‌లో 2023లో చట్టం సవరించి, అసైన్ చేసి 20 ఏళ్లు దాటిన సాగు భూముల మీద మొదటి అసైనీకి, వారసులకు అమ్ముకునే హక్కు ఇచ్చారు. మరుసటి ఏడాది ప్రభుత్వం మారాక ఆ ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. హక్కు ఎవరి పేరున వచ్చింది, లాభం ఎవరికి పోయింది అన్నదే అక్కడ గొడవ.

నా అభిప్రాయం ఇది. బోరు, కరెంటు, అప్పు ఇవ్వకుండా అమ్మకం హక్కు ఒక్కటే ఇస్తే, అది మనకు ఇచ్చిన హక్కు కాదు, కొనేవాడికి ఇచ్చిన హక్కు. అట్లా అని నిషేధం మాత్రమే పెట్టి వదిలేస్తే మనిషి ఆకలికి దొంగచాటుగా అమ్ముతాడు, రేటు సగమే వస్తుంది. ఆ మిగిలిన సగమే బ్రోకరు లాభం. ఆ సగమే మా అన్నకు కనబడిన చవక.

కొనాలనుకునే మనవాళ్లకు

భూమి కొనొద్దని నేను చెప్పను. కొనండి. మన తాతలకు లేనిది మనకు ఉండాలి. కానీ ఎరుకలేని ఊళ్లో నీళ్లు, మట్టి చూసే ముందు ఈ పనులు చేయండి.

ధరణి వచ్చినప్పుడు రికార్డులోంచి అనుభవదారు కాలం తీసేశారు. ఇప్పుడు భూభారతి వచ్చినా పాత కథ పోర్టల్‌లో మొత్తం కనబడదు. అందుకే 1954-55 ఖాస్రా పహాణీ దగ్గర నుంచి ఇవాళ్టి దాకా పహాణీల నకళ్లు తీయించండి. అందులో సర్కారీ, ఖారిజ్ ఖాతా, లావుణీ, భూదాన్, ఇనాం అనే మాటలు ఎక్కడ కనబడినా ఆగండి. ఆంధ్రలో అయితే ఆర్ఎస్ఆర్, పాత అడంగళ్లు చూడండి. పట్టాదారు పేరు ఉండాల్సిన చోట చుక్కలుంటే ఆగండి. ఒక పెద్ద సర్వే నంబరు ఎకరం, రెండెకరాల బై నంబర్లుగా ముక్కలై ఉంటే, అది పంచిన భూమి కావచ్చు. 22-ఏ నిషేధిత జాబితా చూడండి. ఏజెన్సీ అయితే 1/70 ఉంది, గిరిజనుడు కానివాడు కొనలేడు, దళితుడైనా సరే. నోటరీ, తెల్లకాగితం, తర్వాత రిజిస్ట్రేషన్ అనే మాట వినగానే లేచి వచ్చేయండి.

చివరిది, నా లెక్కలో మొదటిది. వాడకు పోండి. అక్కడి ముసలివాళ్లను అడగండి, ఈ భూమి మీద మొదట రాళ్లు ఏరింది ఎవరని. ఏ పోర్టల్‌లోనూ లేని రికార్డు అది.

1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ అంబేడ్కర్ గ్రామాన్ని పొగిడేవాళ్లను నిలదీశాడు. రిటైరయ్యాక పల్లెలో ప్రశాంతంగా బతుకుదాం అనుకునే మనం ఆ ప్రసంగం ఒకసారి చదవాలి. పల్లెలో ప్రశాంతత ఉండొచ్చు. అది ఎవరి నోరు మూయించి వచ్చిందో కొనేముందు తెలుసుకోవాలి.

అన్న ఇంకా భూమి వెతుకుతున్నాడు. ఈసారి రేటు ఎక్కువైనా సరే, పాత పట్టా భూమే, ఎకరమే చాలు అంటున్నాడు. దొరికితే మామిడి మొక్కలు పెట్టే రోజు నేనూ పోతాను.

మీ ఊళ్లో గుట్ట కింది భూమి ఎవరిది? ఇప్పుడు ఎవరి గేటు ఉంది? తెలిసినవాళ్లు కింద రాయండి. ఊరి పేరు, సర్వే నంబరు మాత్రం ఇన్‌బాక్స్‌లో పంపండి, బయట పెట్టొద్దు.

వచ్చే వారం: సేత్‌సింధీ, నీరడి ఇనాములు ఎట్లా వచ్చాయి, 1955 చట్టం తర్వాత ఎవరి పేరున తేలాయి.

జై భీమ్.